350 ఇంజినుకు వాల్వు స్ప్రింగులు కొనే ముందు ఎత్తు కొలవండి

మీ 1972 షెవ్రొలే నోవాలో 350 స్మాల్ బ్లాక్ వీ8 ఇంజినుకు కొత్త క్యామ్ వేస్తున్నానన్నారు. క్యామ్ షాఫ్టు మీది లోబులు (ఉబ్బెత్తులు) లిఫ్టర్లను లేపుతాయి, అవి పుష్‌రాడ్లనే కడ్డీలతో రాకర్లనే మీటలను నెట్టి వాల్వులు తెరుస్తాయి, స్ప్రింగులు వాటిని మళ్లీ మూస్తాయి. లిఫ్టర్లు ఏవి తీసుకోవాలి, స్ప్రింగులు దొరికినవాటిలో అన్నిటికంటే గట్టివి వేస్తే మంచిదే కదా అని అడిగారు. ఆ రెండో మాట చదవగానే గుండె ఝల్లుమంది. సరిగ్గా ఆ నమ్మకంతోనే నేను కొత్త క్యామ్ షాఫ్టును అరగంట తిరక్కుండానే పోగొట్టుకున్నాను.

నేనుండేది ఒహాయోలో. నాదీ 350 ఇంజినే. చలికాలమంతా గరాజులో కూర్చుని కట్టాను. పాత ఇనప హెడ్లు (వాల్వులుండే పై భాగాలు) మాత్రం ఒక మెషీన్ షాపులో ఇచ్చాను. "డ్యూయల్ స్ప్రింగులు వేశాం, ఇక 6,500 దాకా తిప్పుకో" అన్నాడు షాపాయన. ఎన్ని పౌన్ల ఒత్తిడి అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ (చదును అడుగు లిఫ్టర్లతో నడిచేది, నేను వేసింది అదే) కొత్తగా వేసినప్పుడు స్టార్ట్ కాగానే 2,000 ఆర్‌పీఎమ్ పైకి తీసుకెళ్లి, ఇరవై ముప్పై నిమిషాలు అక్కడే అటూ ఇటూ తిప్పాలి. ఐడిల్‌లో వదలకూడదు. ఎందుకంటే లోబులకు ఆయిల్ అందేది ఎక్కువగా క్రాంకు చిమ్మే చిందుల వల్లే. అదంతా తు.చ. తప్పకుండా చేశాను. జింకు ఎక్కువుండే బ్రేకిన్ (ఈ తొలి పరుగు) ఆయిలే పోశాను. పది నిమిషాలు దాటాక టిక్ టిక్ మని చప్పుడు మొదలైంది. ఎగ్జాస్ట్ గాస్కెట్ లీకవుతోందేమో అనుకుని గడువు పూర్తిచేశాను.

ఆ రాత్రి నాన్నకు వీడియో కాల్ చేశాను. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు అంబాసిడర్లకు ట్యాపెట్లు సెట్ చేసిన మనిషి. వీ8 ఇంజిన్ కంటితో చూసి ఎరగడు. చప్పుడు వినిపించి నేను గాస్కెట్ గురించి ఏదో చెబుతుంటే మధ్యలోనే ఆపి, "అది కాదురా, మూత తీసి ఇంజిన్ తిప్పు. పుష్‌రాడ్లు తమ చుట్టూ తాము తిరుగుతున్నాయా?" అన్నారు. తిప్పి చూశాను. అన్నీ మెల్లగా తిరుగుతున్నాయి, ఒక్కటి తప్ప. అది మేకులా నిలబడి ఉంది. దాని రాకర్ పక్క రాకర్లు లేచిన ఎత్తులో సగం కూడా లేవడం లేదు. "పోయింది నాన్నా, లోబు అరిగిపోయింది. విప్పెయ్" అన్నారు.

ఇన్‌టేక్ మ్యానిఫోల్డు తీసి ఆ లిఫ్టర్‌ను బయటికి లాగాను. అద్దంలా ఉండాల్సిన అడుగు భాగం సాసరులా గుంటపడి ఉంది, గోరు పెడితే అంచు తగులుతోంది. కింద లోబు ముక్కు గుండ్రంగా మారిపోయింది. ఆయిల్ దింపితే ట్రేలో అభ్రకం పొడి కలిపినట్టు తళతళ. ఫిల్టర్ కోసి చూస్తే మడతల నిండా అదే. ఇనప రజను బేరింగుల్లోకి కూడా వెళ్లి ఉంటుంది కాబట్టి ఇంజిన్ మొత్తం విప్పక తప్పలేదు. చలికాలం శ్రమంతా నేల మీద ముక్కలుగా పరుచుకుంది.

ఫ్లాట్ లిఫ్టర్ అడుగు పేరుకే ఫ్లాటు, నిజానికి సన్నగా ఉబ్బి ఉంటుంది. లోబు కూడా కాస్త ఏటవాలుగా ఉంటుంది. ఆ రెండూ కలిసి లిఫ్టర్‌ను తిప్పుతాయి. అలా తిరిగినంత కాలం ఒత్తిడి ఒకే చోట పడదు. స్ప్రింగు బరువు మితిమీరితే మధ్యలో ఆయిల్ పొర చిట్లుతుంది, తిరగడం ఆగుతుంది, ఆపైన నిమిషాల పనే.

తర్వాత ఒక స్నేహితుడి టెస్టర్ తెచ్చి కొలిచాను. ఆ స్ప్రింగులు వాల్వు మూసి ఉన్నప్పుడు 1.800 అంగుళాల ఎత్తులో ఉండేలా చేసినవి. ఆ ఎత్తులో 110 పౌన్లు, అంగుళానికి 400 పౌన్ల రేటు. కానీ నా హెడ్లలో ఉన్న ఎత్తు 1.700 మాత్రమే. అంగుళంలో పదో వంతు అదనంగా నొక్కారంటే 40 పౌన్లు పెరిగినట్టు. సీటు మీదే, అంటే వాల్వు మూసి ఉన్నప్పుడే, 150 అయింది. నా వాల్వు లిఫ్టు (తెరుచుకునే దూరం) 0.470 అంగుళం, దానికి 188 పౌన్లు. పూర్తిగా తెరుచుకున్నప్పుడు 338. సరైన ఎత్తులో ఉంటే 298తో సరిపోయేది. పైగా డ్యూయల్ అంటే ఒకదానిలో ఒకటి ఉండే రెండు స్ప్రింగులు, బ్రేకిన్ సమయానికి లోపలి స్ప్రింగు తీసేసి నడపాలి. ఆ ముక్క నాకు చెప్పినవాళ్లు లేరు.

"స్టేజ్ 2 స్ప్రింగ్", "రేస్ స్ప్రింగ్" అని అమ్మేవాళ్లంటే నాకు అందుకే ఒళ్లు మంట. స్ప్రింగుకు పేరు దేనికి? ఏ ఎత్తులో ఎన్ని పౌన్లు, రేటు ఎంత, ఎక్కడ కాయిల్ బైండ్ అవుతుంది (చుట్లు ఒకదానికొకటి ఆనుకుపోతాయి), ఈ మూడూ చెప్పనివాడి దగ్గర కొనకండి. పాత లిఫ్టర్లను కొత్త క్యామ్ మీద వేసేవాళ్లను చూసినా అంతే బాధ. ఫ్లాట్ ట్యాపెట్లో లిఫ్టరూ లోబూ ఒకదానికొకటి అరిగి జత కుదిరినవి, ఆ జత విడదీయకూడదు. ఆయిల్ సంగతీ పట్టించుకోరు. క్యాటలిటిక్ కన్వర్టర్ల కోసం 2004లో వచ్చిన ఏపీఐ ఎస్ఎమ్ అనే ఆయిల్ ప్రమాణంతో మామూలు 5డబ్ల్యూ-30 ఆయిల్లో, జింకుతో కలిసి లోబులను కాపాడే ఫాస్ఫరస్‌ను 800 పీపీఎమ్‌కు (పది లక్షల్లో 800 వంతులకు) పరిమితం చేశారు. మీ ఇంజిన్ పుట్టినప్పుడు ఆ ఊసే లేదు.

అలాగని మెత్తటి స్ప్రింగులూ వేయొద్దు. 6,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక్కో వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుంటుంది. స్ప్రింగు దాన్ని వెనక్కి లాక్కురాలేకపోతే హైడ్రాలిక్ లిఫ్టర్ ఆ సందును ఆయిల్‌తో నింపేసుకుంటుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు, బండి ఎక్కువ ఆర్‌పీఎమ్ దగ్గర ఊపిరాడనట్టు తడబడుతుంది.

లిఫ్టర్ల విషయానికొస్తే, రోడ్డు మీద తిప్పుకునే బండికి నా ఓటు హైడ్రాలిక్ రోలర్‌కే (అడుగున చక్రం ఉండి, సందును ఆయిల్‌తో తనే సరిచేసుకునే రకం), సందేహమే లేదు. రెండోసారి నేను వేసింది అదే. సాలిడ్ అయితే ఫీలర్ గేజ్ పట్టుకుని మళ్లీ మళ్లీ సందు సరిచూడాలి, ఆ ఓపిక నాన్నకుంది, నాకు లేదు. స్మాల్ బ్లాకులో రోలర్ లిఫ్టర్లు ఫ్యాక్టరీ నుంచి రావడం మొదలైంది 1987లో. మీది అంతకు ముందుది కాబట్టి రెండేసి లిఫ్టర్లను పట్టీతో కలిపిన రెట్రోఫిట్ రకం కొనాలి. వాటికి పొట్టి పుష్‌రాడ్లు కావాలి. క్యామ్ ముందుకు జరగకుండా బటన్ పెట్టాలి. క్యామ్ మెటల్‌కు పడే డిస్ట్రిబ్యూటర్ (స్పార్కు పంచే భాగం) గేర్ ఏదో క్యామ్ చేసినవాళ్లనే అడగండి. స్ప్రింగు సీటు మీద 135, తెరిచినప్పుడు 350 దరిదాపుల్లో ఉంటే మీ పనికి చాలు. చక్రం దొర్లుతుంది కాబట్టి ఆ బరువు మోస్తుంది.

అంత డబ్బు పెట్టలేకపోతే ఫ్లాట్ ట్యాపెట్టే వేయండి, కానీ తెరిచినప్పుడు 300 దాటనివ్వకండి. ఇప్పుడున్న 1.5 నిష్పత్తి రాకర్లు మార్చి 1.6 వేస్తే 0.470 లిఫ్టు 0.501 అవుతుంది, ఆ లెక్కా కలుపుకోండి. స్ప్రింగు లేకుండా రిటైనరు (స్ప్రింగు మీది టోపీ), దాన్ని వాల్వుకు పట్టి ఉంచే లాకులు బిగించి పైకి లాగి పట్టుకుని, సీటు నుంచి రిటైనరు అడుగు దాకా కొలవండి. ఒక్కటి కొలిచి మిగతావీ అంతేలే అనుకోవద్దు, పదహారూ కొలవండి. పూర్తి లిఫ్టులో కాయిల్ బైండ్‌కు కనీసం 60 థౌ (0.060 అంగుళం) సందు మిగలాలి.

మీ క్యామ్‌తో వచ్చిన కార్డులో ఉన్న లిఫ్టు, కొలిచిన పదహారు ఎత్తులు ఇక్కడ రాయండి. ఆర్డర్ పెట్టకముందే లెక్క చూసి చెబుతాను.