మీ వ్యాసం మూడో పేజీలోని ఒక వాక్యం గురించి

చిరంజీవి రచయిత్రికి,

ఆశీస్సులు. పెద్దవాళ్ళలో బాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియాను మూత్ర పరీక్షతో గుర్తించడం గురించి మీరు పంపిన వ్యాసం చేరింది. మీ పెదనాన్నగారు మూత్రం సీసాను కండువా మాటున పెట్టుకుని ల్యాబు ముందు బల్ల మీద కూర్చున్న భాగం బాగుంది. ఈ ఉత్తరం మాత్రం దాని కోసం కాదు, మూడో పేజీలో మీరు వ్రాసిన ఈ వాక్యం కోసం: “ఈ పరీక్ష తొంభై అయిదు శాతం ఖచ్చితమైనది కనుక, నెగటివ్ వచ్చినవారు తమకు న్యుమోనియా లేదని నిశ్చింతగా ఉండవచ్చు.” అది చదివాక మిగతా పేజీలు చదవడానికి నాకు మర్నాటిదాకా మనసు రాలేదు.

మొదటి సంగతి, ఆ పరీక్ష న్యుమోనియా కోసం వెతకదు. న్యుమోకాకస్ అనే ఒక్క బాక్టీరియా కణకవచంలో ఉండే సి-పాలిశాకరైడ్ అనే పదార్థం మూత్రంలోకి వచ్చిందా అని మాత్రమే చూస్తుంది. బైనాక్స్‌నౌ అన్న పేరుతో దొరికే పట్టీ మీద పదిహేను నిమిషాలలో గీత కనిపిస్తే పాజిటివ్, లేకపోతే నెగటివ్. ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందా లేదా అన్నది రోగి లక్షణాలు, డాక్టరు ఛాతీకి ఆనించిన స్టెతస్కోపు, ఎక్స్‌రే చెప్పవలసిన మాట. క్లెబ్సియెల్లా, మైకోప్లాస్మా అనే వేరే బాక్టీరియాల వల్ల గాని, ఇన్‌ఫ్లుయెంజా వైరస్ వల్ల గాని నిమ్ము చేరినవాడికి ఈ పట్టీ మీద గీత రాదు. మన దేశంలో క్షయ ఉండనే ఉంది. నెగటివ్ కాగితం పట్టుకుని నిశ్చింతగా ఇంటికి వెళ్ళిపోయే ఆ పాఠకుడిని ఒకసారి ఊహించుకోండి.

రెండో సంగతి, ఆ తొంభై అయిదు. నా పాత పట్టుదల ఒకటి చెబుతాను, చాదస్తమనుకున్నా ఫరవాలేదు. ఏ రోగనిర్ధారణ పరీక్షకైనా ఒక్క శాతం వ్రాసి ఊరుకోవడం వ్రాయకపోవడం కన్నా చెడ్డది. రెండు సంఖ్యలు కావాలి. వాటితోపాటు, వాటిని ఏ కొలతతో పోల్చి తేల్చారో, ఎలాంటి రోగులలో తేల్చారో కూడా కావాలి. 2013లో వెలువడిన సమగ్ర విశ్లేషణలను బట్టి ఈ పరీక్ష సెన్సిటివిటీ సుమారు 75 శాతం, స్పెసిఫిసిటీ సుమారు 95 శాతం. అంటే న్యుమోకాకస్ నిజంగా ఉన్న నలుగురిలో ఒకరిని పరీక్ష పట్టుకోలేదు. లేని ఇరవై మందిలో ఒకరికి ఉందని చెబుతుంది. మీరు రెండో సంఖ్యను తీసుకుని మొదటి సంఖ్య చేయవలసిన పని దాని చేత చేయించారు. నెగటివ్‌ను నమ్మవచ్చా అని అడిగేవాడికి ముందు చూపవలసింది ఆ డెబ్బై అయిదు.

ఆ డెబ్బై అయిదు కూడా గట్టి నేల మీద నిలబడినది కాదు. ఈ పరీక్షను దేనితో పోల్చాలి? బ్లడ్ కల్చర్‌తో, అంటే రక్తం నుంచి సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి చూసే పరీక్షతో పోలిస్తే, న్యుమోకాకస్ న్యుమోనియా ఉన్నవారిలో చాలామందికి సూక్ష్మజీవి రక్తంలోకి చేరనే చేరదు. కఫం కల్చర్‌తో పోలిస్తే, చాలామంది సరైన కఫం ఇవ్వలేరు, ఇచ్చేలోపే యాంటీబయాటిక్ మొదలై ఉంటుంది. చిల్లుపడ్డ కుంచంతో కొలిచి గింజలు తగ్గాయని రైతును తప్పుపట్టినట్టు, కల్చర్‌లో ఏమీ పెరగక మూత్రంలో మాత్రం గీత వచ్చిన రోగిని కొన్ని అధ్యయనాలు తప్పుడు పాజిటివ్‌గా లెక్కించాయి. నిజానికి తప్పింది కల్చరే కావచ్చు. మరోవైపు, సూక్ష్మజీవి రక్తానికి పాకినవారిని మాత్రమే తీసుకుని పరీక్షించిన చోట సెన్సిటివిటీ ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే వాళ్ళ జబ్బే తీవ్రం, మూత్రంలోకి వచ్చే పదార్థమూ ఎక్కువ. ఇదంతా వ్యాసంలో పెడితే బరువవుతుందని మీరు అనవచ్చు. మీ మొదటి పేజీలో వర్షం గురించి ఉన్న పదకొండు పంక్తులు తీసేస్తే చోటు దొరుకుతుంది.

ఇక ఎవరిలో అన్న ప్రశ్న. షికాగో, నాష్‌విల్ నగరాల ఆస్పత్రులలో న్యుమోనియాతో చేరిన పెద్దవాళ్ళ మీద అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వారు చేయించిన అధ్యయనం 2015లో అచ్చయింది. మూత్ర పరీక్షతో సహా అందుబాటులో ఉన్న పరీక్షలు ఎన్నో చేసినా, 2,259 మందిలో 38 శాతానికి మాత్రమే కారణం దొరికింది. న్యుమోకాకస్ తేలింది 5 శాతంలో. (పట్టుబడనివారు ఉంటారు కనుక అసలు వాటా ఇంతకన్నా ఎక్కువే అయి ఉండవచ్చు.) ఆ 5 శాతాన్నే పట్టుకుని కాగితం మీద లెక్క వేయండి. నాలుగు వందల మంది రోగులలో ఇరవై మందికి న్యుమోకాకస్ ఉంటుంది, వారిలో పదిహేను మందికి పాజిటివ్ వస్తుంది. మిగిలిన మూడు వందల ఎనభై మందిలో పంతొమ్మిది మందికి ఊరికే పాజిటివ్ వస్తుంది. పాజిటివ్ వచ్చిన ముప్పై నలుగురిలో సగానికి పైగా తప్పు. ఆ సూక్ష్మజీవి వాటా 20 శాతం ఉన్న చోట ఇదే పరీక్ష చేస్తే, పాజిటివ్ వచ్చిన ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురికి నిజంగానే ఉంటుంది. పట్టీ మారలేదు, మనుషులు మారారు. మీ “ఖచ్చితత్వం” ఈ రెండు చోట్లలో ఎక్కడిది?

ఈ లెక్కను అచ్చులో చూసుకోవడానికి నేను పడిన పాట్లు మీకు తెలియవు. వయసులో ఉన్న రోజులలో టైఫాయిడ్‌కు చేసే వైడాల్ పరీక్ష గురించి ఒక వ్యాసం వ్రాశాను. టైఫాయిడ్ ఎప్పుడూ ఉండే మన ప్రాంతాలలో, ఒక్కసారి రక్తం తీసి చేసిన వైడాల్‌ను చూసి మందులు మొదలుపెట్టడం సరికాదన్నది అందులోని విషయం. మెడికల్ కాలేజీ లైబ్రరీలో ఏ హోదాతో కూర్చున్నావని అడిగినవారికి సంజాయిషీలు చెప్పుకుంటూ పత్రికలు తిరగేసి వ్రాసినది. ఆదివారం అనుబంధం చూసే ఎడిటరుగారు అంకెలున్న పేరాలన్నీ కొట్టేసి, “మన పాఠకులకు లెక్కలు పడవండీ” అన్నారు. మిగిలిన తోలుబొమ్మ లాంటి వ్యాసం కింద ఒక డయాగ్నస్టిక్ సెంటరు ప్రకటన వేశారు. ఇప్పుడు ప్రకటనల రూపం మారిందే గాని, “ఒక్క చుక్కతో రోగం తేలిపోతుంది” అన్న శీర్షికల మోజు తగ్గలేదు. మీ వ్యాసం శీర్షికలో ఆ మోజు వాసన ఉంది.

“నవయుగపు అద్భుతం” అని కూడా వ్రాశారు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థ ఆస్పత్రిలో డోకెజ్, ఏవరీ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలోనూ మూత్రంలోనూ న్యుమోకాకస్ విడిచే కరిగే పదార్థాన్ని కనుగొని ప్రకటించింది 1917లో. ఆ ఏవరీయే తరువాత 1944లో వంశపారంపర్య లక్షణాలను మోసేది డీఎన్ఏ అని చూపిన బృందానికి పెద్ద. పెనిసిలిన్ రాకముందు ఒక్కో రకం న్యుమోకాకస్‌కు ఒక్కో సీరమ్ (ప్రతిరక్షకాలున్న రక్తద్రవం) ఎక్కించి వైద్యం చేసే రోజులలో ఏ రకం న్యుమోకాకసో తేల్చుకోవడం ప్రాణం మీది విషయం. ఆ కథ ముందు మీ అద్భుతం చిన్నదైపోతుంది.

ఈ పరీక్షను తీసిపారేయమని నేను అనడం లేదు. యాంటీబయాటిక్ మొదలైతే కల్చర్ ఎదగదు, ఈ పదార్థం మాత్రం మూత్రంలో వస్తూనే ఉంటుంది. ఊళ్ళో నాలుగు రోజులు ఇంజెక్షన్లు వేయించుకుని పెద్దాస్పత్రికి వచ్చే మన రోగుల విషయంలో ఇది పెద్ద మేలు. అదే గుణం ఎదురు తిరుగుతుంది కూడా: జబ్బు నయమైన వారాల తరువాత, ఒక్కోసారి నెలల తరువాత కూడా గీత రావచ్చు. న్యుమోకాకస్ టీకా వేయించుకున్న తొలి రోజులలో రావచ్చు. పిల్లలలో ముక్కు, గొంతులలో ఊరికే ఉన్న సూక్ష్మజీవికే గీత రావచ్చు కనుకనే దీనిని పెద్దవాళ్ళకు పరిమితం చేస్తారు. ఏ మందుకు సూక్ష్మజీవి లొంగుతుందో ఈ పట్టీ చెప్పలేదు, దానికి కల్చరే కావాలి. 2019 అమెరికన్ మార్గదర్శకాలు న్యుమోనియాతో వచ్చిన ప్రతి పెద్దవాడికీ ఈ పరీక్ష అక్కరలేదని, తీవ్రంగా ఉన్నవారికి చేయవచ్చని చెప్పడానికి ముఖ్య కారణం, దీని వల్ల రోగుల ఫలితాలు మెరుగుపడినట్టు ప్రయోగాలలో తేలకపోవడమే.

లెజియొనెల్లాను మీరు రెండు పంక్తులలో తేల్చేశారు. 1976లో ఫిలడెల్ఫియా హోటల్‌లో మాజీ సైనికుల సభకు వెళ్ళినవారిని చంపిన ఆ బాక్టీరియాకూ మూత్ర పరీక్ష ఉంది, పాజిటివ్ వస్తే బాగా నమ్మవచ్చు. అయితే సాధారణంగా వాడే ఆ పరీక్ష లెజియొనెల్లా న్యుమోఫిలాలో మొదటి సీరోగ్రూపును (ఉపరకాన్ని) మాత్రమే పట్టుకునేటట్టు చేసినది. తక్కిన జాతులకు నెగటివ్ అన్న మాటకు విలువ లేదు. పైగా మూత్రంతో సరిపెట్టుకుని కఫం కల్చర్ చేయకపోతే, రోగిలో దొరికినదీ, అది వచ్చిందని అనుమానించే నీళ్ళ ట్యాంకులో దొరికినదీ ఒకటేనా అని పోల్చడానికి సూక్ష్మజీవి చేతిలో ఉండదు. దీనికి ఒక పేజీ ఇవ్వండి.

కలం పేరు గురించి, ఏ పత్రికకు పంపాలన్న దాని గురించి మీరు అడిగినవి తరువాత చూద్దాం. ముందుగా మీ ఊరి ల్యాబుకు వెళ్ళి, ఆ కిట్ పెట్టెలో మడతపెట్టి ఉండే కరపత్రం టెక్నీషియన్‌ను అడిగి తీసుకోండి. పరీక్ష పరిమితులు అందులో చిన్న అక్షరాలలో ఉంటాయి. అది చదివి మూడో పేజీ తిరగవ్రాసి, ఆ పేజీ ఒక్కటే నాకు పంపండి.

శుభాకాంక్షలతో,
మీ శ్రేయోభిలాషి