సీలింగ్ ఫ్యాన్ బిగించడానికి ఎలక్ట్రీషియన్‌ని పిలవాలా, మనమే పెట్టుకోవచ్చా?

పిలవండి. అందులో ఆలోచించాల్సిందేమీ లేదు. కానీ పిలిచాక గది ఆయనకు వదిలేసి వెళ్లి టీవీ ముందు కూర్చోకండి. ఆయన నిచ్చెన దిగి చేతులు దులుపుకునేదాకా మీరు అక్కడే ఉండండి. మీరు అడిగింది మొదటిదే అయినా, నేను చెప్పాలనుకున్నది ఈ రెండోది.

"వీడియోలు చూస్తే తేలిగ్గానే ఉంది, కుర్చీ వేసుకుని నేనే పెట్టేయనా" అని రాశారు. వైర్లు కలపడం తేలికే, కాదనను. ఇబ్బందంతా బరువుతో. మోటారునీ రాడ్డునీ ఒక చేత్తో నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో శ్లాబు కొక్కేనికి బోల్టు దూర్చాలి. అదీ నిచ్చెన మీద నిలబడి, తల వెనక్కి వాల్చి. అలవాటు లేని భుజాలు కాసేపటికే వణకడం మొదలుపెడతాయి. సరిగ్గా అప్పుడే నట్టు చెయ్యి జారి మంచం కిందికి దొర్లుతుంది. వీడియోల్లో ఆ ముక్క కత్తిరించేస్తారు.

ఇక పక్కనే ఉండమని ఎందుకంటున్నానో చెప్తాను. మా అమ్మ గదిలో పాత ఫ్యాన్ తీసేసి కొత్తది పెట్టించాం. ఒక కుర్రాడు వచ్చాడు. మాట మంచిది, చెయ్యి చురుకు. నిచ్చెన మాత్రం తేలేదు. (నిచ్చెన లేకుండా ఫ్యాన్ బిగించడానికి వచ్చే ఎలక్ట్రీషియన్లు నాకెప్పటికీ అర్థం కారు. వచ్చీరాగానే "డైనింగ్ టేబుల్ ఉందా సార్, దాని మీద స్టూల్ వేద్దాం" అంటారు.) పక్కింటివాళ్లని అడిగి నిచ్చెన తెచ్చాను. స్విచ్ ఆపి పైకెక్కబోతుంటే, మెయిన్ బోర్డులో ఆ గదికి కరెంటు ఆపే ఎంసీబీ దించమన్నాను. "స్విచ్ ఆపేశా కదా సార్" అన్నాడు. ఇల్లు కట్టినప్పుడు స్విచ్‌ని ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) మీద కాక న్యూట్రల్ (తిరిగి వెళ్లే వైరు) మీద పెట్టినవాళ్లుంటారు. అలాంటి ఇంట్లో స్విచ్ ఆపినా ఫ్యాన్ ఆగుతుందే గానీ పైన వైర్లో కరెంటు అలాగే ఉంటుంది. అతనితో వాదించలేదు, వెళ్లి నేనే దించేశాను.

పని చకచకా అయిపోయింది. ఫ్యాన్ తిరిగింది, గాలి బాగా వచ్చింది, చప్పుడు లేదు. అతను సామాన్లు సంచీలో సర్దుకుంటున్నాడు. మా అమ్మకు అట్టపెట్టెలు దాచే అలవాటు. పెట్టె ఎత్తి అటకెక్కించబోతే లోపల ఏదో గలగలమంది. చెయ్యి పెట్టి చూస్తే చిన్న ప్లాస్టిక్ కవరు, అందులో రెండు ఇనప పిన్నులు. "బాబూ, ఇవేవో మిగిలిపోయాయి" అంది. ఆ కుర్రాడు తలెత్తకుండానే "అవి స్పేర్ అమ్మా, ప్రతి ఫ్యాన్‌కీ ఇస్తారు" అన్నాడు.

అవి స్పేర్ కావు. ఫ్యాన్‌తో వచ్చే కాగితం అతను రాకముందే చదివి ఉన్నాను కాబట్టి వెంటనే తెలిసింది. (ఆ కాగితంలో అక్షరాలు ఎంత చిన్నవంటే, అసలు ఎవరూ చదవకూడదనే అచ్చు వేసినట్టుంటుంది.) ఫ్యాన్ బరువంతా రెండు బోల్టుల మీద ఆధారపడుతుంది. ఒకటి రాడ్డు పైన, కొక్కెం దగ్గర. ఇంకొకటి రాడ్డు కింద, మోటారు దగ్గర. ఆ బోల్టుల చివర చిన్న రంధ్రం ఉంటుంది. నట్టు బిగించాక ఆ రంధ్రంలోంచి స్ప్లిట్ పిన్ దూర్చి, దాని రెండు కాళ్లనీ చెరోవైపు విడదీసి వంచాలి. ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ సన్నగా అదురుతూనే ఉంటుంది. ఆ అదురుకి నెలలు గడిచేకొద్దీ నట్టు వదులై ఊడిపోవచ్చు. పిన్ను ఉంటే నట్టు దాన్ని దాటి రాలేదు, బోల్టు ఉన్నచోటే ఉంటుంది. లేకపోతే బోల్టు మెల్లగా జారుతుంది, మనకు ఏమీ తెలియదు. కింద మా అమ్మ మంచం.

"ఎక్కి ఆ మూతలు దించు" అన్నాను. ముఖం ముడుచుకున్నాడు, కానీ ఎక్కాడు. పైన గిన్నెలా ఉండే మూత కిందికి జరిపితే, నట్టు చేత్తో తిప్పితే తిరిగేంత వదులుగా ఉంది. ఆకుపచ్చ ఎర్త్ వైరు ఎక్కడా కలపకుండా టేపు చుట్టి మడిచి పెట్టేశాడు. "ఎవరూ కలపరు సార్" అని దానికి సమాధానం. ఎవరూ కలపరని దాన్ని వదిలేస్తామా? రెండు నట్లూ స్పానర్‌తో బిగించి, పిన్నులు వేసి, ఎర్త్ కలిపి దిగేసరికి పావుగంట కూడా పట్టలేదు. ఆ పావుగంట పని మానేసి ఏం మిగుల్చుకుందామనుకున్నాడో!

అప్పటినుంచీ నాకు కొన్ని అభిప్రాయాలు గట్టిగా పాతుకుపోయాయి. తక్కువ మాట్లాడే ఎలక్ట్రీషియన్ బాగా చేస్తాడు. వైరు ముట్టుకునే ముందు, పక్కగదిలో పనిచేసే ప్లగ్గులో పెట్టి తన టెస్టర్ వెలుగుతోందో లేదో చూసుకునేవాడు దొరికితే వదులుకోకండి. జేబులో రెండు ఫోన్లు ఉండి టెస్టర్ మన ఇంట్లో అడిగేవాణ్ణి గుమ్మంలోంచే పంపేయండి. కాదనేవాళ్లు కింద కామెంట్లలో కాదనండి, నేను మారను.

ఫ్యాన్ ఊగుతుంటే "కొత్తది కదా, సర్దుకుంటుంది" అంటారు. అదేమీ సర్దుకోదు. ఒక కర్ర తీసుకుని సీలింగ్ నుంచి ఒక్కో రెక్క కొసకి ఎంత దూరముందో కొలిపించండి. ఏదో ఒక రెక్క పట్టీ వంగి ఉంటుంది, లేదా స్క్రూలు వదులుగా ఉంటాయి. పాత ఫ్యాన్ రెక్క తెచ్చి వేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. ఒక ఫ్యాన్ రెక్కలు బరువు సరిచూసి జతచేసినవి, వేరేవి కలవవు. ఫ్యాన్ జోరుగా తిరుగుతున్నా కిందికి గాలి రావట్లేదంటే, మామూలు ఫ్యాన్‌లో కండెన్సర్ (మోటారు తిరగడానికి తోడ్పడే చిన్న డబ్బా) దగ్గర వైర్లు తారుమారై రివర్సులో తిరుగుతోందేమో చూడమనండి. మీరు కొన్నది బీఎల్‌డీసీ రకం (లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌తో, తక్కువ కరెంటుతో నడిచేది) అయితే గోడకున్న పాత రెగ్యులేటర్‌ని తప్పించి నేరుగా కలపమనాలి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు తినే చోట అది 30 వాట్లతో నడుస్తుంది, స్పీడు రిమోట్‌తో మార్చుకుంటాం. రెగ్యులేటర్ మధ్యలో ఉంటే లోపలి సర్క్యూట్ దెబ్బతినొచ్చు.

హాల్లో ఫాల్స్ సీలింగ్ ఉందని చివర్లో రాశారు. ఫ్యాన్ బరువు ఆ షీటు మీద గానీ, దాన్ని పట్టుకున్న సన్న రేకు చట్రం మీద గానీ అస్సలు పడకూడదు. పైన శ్లాబులో ఉన్న కొక్కేనికే వేలాడాలి, కాబట్టి పొడవు రాడ్డు కావాలి. రెక్కలు నేలకి కనీసం 7 అడుగుల ఎత్తులో ఉండేలా, షీటుకి మరీ దగ్గరవకుండా చూసి రాడ్డు ఎంచుకోండి. దగ్గరైతే ఫ్యాన్‌కి పైనుంచి గాలి అందదు. షీటు బిగించేశాక కొక్కెం దగ్గరి బోల్టు మీకు కనపడదు. అందుకని ఎక్కిన మనిషి చేతే ఫోన్‌తో ఫొటో తీయించి చూడండి. ఇవన్నీ ఆయన బయల్దేరకముందే ఫోన్లో చెప్పేయండి, పొడవు రాడ్డు, నిచ్చెన తెచ్చుకోమని. లేదంటే వచ్చి, తలెత్తి చూసి, "రేపు వస్తా సార్" అని వెళ్లిపోతారు. ఆ రేపు ఎప్పుడొస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.