కంది ఆకులపై గుండ్రటి కోతలు: పురుగు కాదు, తేనెటీగ

ప్రశ్న: పూత మీదున్న కంది చేలో గట్టు పక్క మొక్కల ఆకులు కత్తెరతో గుండ్రంగా కోసినట్టున్నాయి. పురుగు కనబడదు. ఒక నల్లటి ఈగ ఆకు ముక్కతో ఎగిరిపోయింది. ఫోన్‌లో ఫొటో తీస్తే మసకగా వచ్చింది. మందు కొట్టాలా?
– ఓ రైతు, తాండూరు

జవాబు: కొట్టకండి. అది ఆకులు కత్తిరించే తేనెటీగ, మెగాకైలి జాతిది. ఆకును తినదు. వెదురు బొంగులో, ఎండు కాడ బోలులో, గోడ పగుల్లో వరుసగా అరలు కట్టుకుంటుంది. కోల ముక్కలు అర గోడలకు, గుండ్రటివి మూతలకు. ఒక్కో అరలో పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద, దానిపై ఒకే గుడ్డు. నాలుగు ఆకులు పోతే దిగుబడి తగ్గదు.

కోత అంచు నున్నగా ఉంటే దీని పనే. మిడత కొరికితే అంచు చిందరవందరగా ఉంటుంది, గొంగళి పురుగైతే కింద ఆకుల మీద రెట్టలు రాలి ఉంటాయి, ముక్కు పురుగు అంచు వెంట చిన్న చిన్న గాట్లు పెడుతుంది.

ఫొటోకి ఈగ వెంట పరుగెత్తవద్దు. కోతలున్న మొక్క దగ్గరే నిలబడండి, మళ్లీ అక్కడికే వచ్చే అవకాశం ఎక్కువ. ముక్క కోయడానికి కొన్ని సెకన్లే పడుతుంది కాబట్టి వరుస ఫొటోలు తీసే బర్స్ట్ పెట్టుకోండి. మసక రావడానికి కారణం ఈగ కదలిక. ఫోన్ కెమెరాలో షట్టర్ వేగం మార్చుకునే వీలుంటే సెకనులో వెయ్యో వంతు పెట్టండి. మీ నీడ దాని మీద పడితే లేచిపోతుంది. ఫ్లాష్ వేస్తే రెక్కలు మెరిసి గీతలు కనబడవు. ఉదయం చల్లపూట అయితే మందకొడిగా ఉంటుంది, దగ్గరికి వెళ్లొచ్చు.

పైనుంచి ఒకటి, ముఖానికి ఒకటి, పక్కనుంచి ఒకటి తీయండి. పక్కనుంచి తీసిందే ముఖ్యం. మామూలు తేనెటీగ పుప్పొడిని వెనక కాళ్లకు పెట్టుకుంటుంది, ఇది పొట్ట అడుగున దట్టమైన వెంట్రుకల్లో మోస్తుంది. మగదానికి ఆ వెంట్రుకలుండవు. పొట్ట చివర సూదిగా మొనదేలి ఉంటే అది దీని గూట్లో దొంగతనంగా గుడ్డు పెట్టే వేరే ఈగ కావచ్చు. కోసిన ఆకు పక్కన రూపాయి బిళ్ల పెట్టి మరో ఫొటో తీస్తే కోత కొలత తెలుస్తుంది.

కంది పువ్వుపై ఇది వాలి అడుగు రేకులను నొక్కగానే కేసరాలు బయటికొచ్చి పొట్టకు తగులుతాయి, అలా పుప్పొడి పువ్వు నుంచి పువ్వుకు చేరుతుంది. అందుకే పూతలో కాయతొలుచు పురుగుకో, మరుకా మచ్చల పురుగుకో మందు తప్పనిసరైతే ఈగలు తిరగడం ఆగాక, సాయంత్రం కొట్టండి. గట్టు మీద ఎండు కాడలు అన్నీ తగలబెట్టకండి, వాటిలో గూళ్లుంటాయి.