పనస గింజ ఆగదు తల్లీ

తల్లీ,

ఉద్యోగం మానేసి పండ్ల తోట వేస్తున్నావని, అదీ ప్రతి చెట్టునూ గింజ నుంచే మొలిపిస్తానంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతు నిండా టెన్షన్. నాకు మాత్రం ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి నాకూ భయం పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

నీళ్లు నిలవని చోటు చూసుకో. సంచుల అడుగున చిల్లులు పెట్టు. ప్రతి సంచికీ పేరు, తేదీ రాసి కట్టు. ఇవి నీకు తెలిసినవే.

అంటు మొక్కలంటే చిన్నచూపు మాత్రం మానుకో. ఆపిల్ పుట్టిల్లు మధ్య ఆసియాలోని తియాన్‌షాన్ కొండలు. అక్కడి అడవుల్లో ఒక చెట్టు కాయ తియ్యన, పక్క చెట్టుది నోట పెట్టలేనంత వగరు. ప్రతి గింజా కొత్త కలయిక, తల్లి రుచి బిడ్డకు రాదు. నచ్చిన రుచిని నిలుపుకోవడానికే మనుషులు అంటు కట్టారు. ఆపిల్ గింజ నాటితే నాటు, అదే పండు కాస్తుందని మాత్రం ఎవరికీ మాటివ్వకు.

పిల్లలు వచ్చి చూసే తోట అంటున్నావు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. జీడిమామిడి చెట్టు దగ్గర వాళ్లను ఒంటరిగా వదలకు. పండులా కనిపించేది ఉబ్బిన తొడిమ, దాని కింద వేలాడే గింజే అసలు కాయ. ఆ పెంకులో ఉండే నూనె ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతాయి. పిల్లలు ఊరుకోరు, కొరుకుతారు. నిప్పులో వేస్తే ఆ పొగ కూడా మంచిది కాదు.

ఇక అసలు సంగతి. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ నాన్న కూడా చెప్పి ఉండడు.

నాకు పంతొమ్మిదేళ్లు, వాడికి ఏడు. మా నానమ్మ నాటిన పనస చెట్టు గాలివానకు వేళ్లతో సహా ఒరిగిపోయింది. ఒక్క కాయ మాత్రం పండి ఉంది. ఆ చెట్టును మళ్లీ మొలిపిద్దామని కోసి గింజలు తీశాం, అరవై నాలుగు. నిజానికి పనస ఒక పండు కాదు, వందల పూలు ఒకదానికొకటి అతుక్కుని కాసిన గుంపు. నిలిచిన ప్రతి పువ్వూ ఒక తొన, నిలవని పూలే మధ్యలో ఉండే పీచు. అంటే మా చేతిలో ఉన్నవి ఆ చెట్టు చివరి అరవై నాలుగు పూలు.

విత్తనం అంటే బాగా ఎండాలి కదా. తొమ్మిది రోజులు ఎండబెట్టి, బూడిదలో కలిపి, డబ్బాలో పోసి, మూతకు మైనం పెట్టాను. మరుసటి వానలకు నాటాం. మీ నాన్న రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్లు పోసేవాడు. "అన్నా, ఇంకెన్నాళ్లు?" అనేవాడు. రేపో మాపో అనేవాణ్ణి. నలభయ్యో రోజున వాడు నిద్రపోయాక తవ్వి, ఒక గింజ కోసి చూశాను. తెల్లగా, తడిగా ఉండాల్సిన పప్పు గోధుమరంగుకు తిరిగి తోలులా ఉంది. ఒక కొసన మొలక, దారపు ముక్కంత, ఎండిపోయి. మట్టి మళ్లీ కప్పేశాను. వాడు ఇంకో పది రోజులు నీళ్లు పోశాడు, నేను చెప్పలేకపోయాను.

ఎందుకు చచ్చాయో చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. నువ్వులు, వేరుశనగల్లాంటివి ఐదారు శాతం తేమ దాకా ఎండినా నిద్రపోతాయంతే. ఖర్జూరం చూడు, ఇజ్రాయెల్‌లోని మసాదా కోటలో దొరికిన దాదాపు 2000 ఏళ్ల నాటి గింజ 2005లో మొలిచింది. పనస, మామిడి, లిచీ, కోకో గింజలకు ఆ నిద్ర లేదు. పండులో ఉన్నప్పుడే మొలవడానికి సిద్ధంగా ఉంటాయి. తడి తగ్గితే ప్రాణం పోతుంది. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008లో తెరిచిన విత్తనాల ఖజానా మైనస్ 18 డిగ్రీల్లో లక్షల రకాలను దాస్తోంది, వీటిని మాత్రం దాయలేదు. 1973లో రాబర్ట్స్ అనే శాస్త్రవేత్త వీటికి 'మాట వినని విత్తనాలు' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. నాకు ఆ పేరు నచ్చదు. అవి మన కోసం ఆగలేనివి, అంతే.

నీకు చిన్నప్పటి నుంచీ అన్నీ పోగేసి, అన్నీ సిద్ధమయ్యాకే మొదలుపెట్టే అలవాటు. పరీక్షలకైనా అంతే, ప్రయాణానికైనా అంతే. దానికే నా భయమంతా. పందిరి పూర్తి కాలేదని, బోర్డులు రాలేదని ఈ గింజలను పక్కన పెట్టావంటే ఊరుకోను. అంత కోపంగా ఎందుకు రాస్తున్నానో నీకు అర్థమవుతుందిలే, బంగారూ.

ఈ ఉత్తరంతో పాటు తడిగుడ్డలో చుట్టి పదకొండు పనస గింజలు పంపుతున్నాను. పండు కోసి ఇవాళ్టికి రెండో రోజు. అందగానే, రాత్రయినా సరే, లోతైన సంచుల్లో కన్నున్న వైపు కిందికి పెట్టి రెండు సెంటీమీటర్ల మట్టి కప్పు. తల్లివేరు కదిలిస్తే ఓర్చుకోదు, చిన్నగా ఉన్నప్పుడే నేలలోకి మార్చు. మొలవడానికి మూడు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు, తవ్వి చూడకు. మొదటిది మొలిచినప్పుడు నాకు కాదు, ముందు మీ నాన్నకి ఫోన్ చెయ్యి.

నీ పెద్దనాన్న