‘డెప్రిడేషన్స్’ అంటే లేమి కాదండీ

మీ అనువాదంలో ‘డెప్రిడేషన్స్’ అనే ఇంగ్లీషు మాటను డెప్రివేషన్ అని చదివేసుకున్నారు, చిక్కంతా అక్కడే. అందుకే ‘డెప్రిడేషన్స్ ఆఫ్ ది పిండారీస్’ కాస్తా ‘పిండారీల లేమి’ అయిపోయింది. పిండారీలంటే గుర్రాల మీద వచ్చి ఊళ్లు దోచుకున్న ఒకప్పటి దండులు. లేమి అంటే డెప్రివేషన్. ఇది డెప్రిడేషన్: మీదపడి దోచుకుని, పాడుచేసి పోవడం. లాటిన్‌లో ప్రేడా అంటే కొల్లగొట్టిన సొమ్ము. ప్రెడేటర్ కూడా దాని చుట్టమే.

1. చాలామంది చూడకుండా దాటేసేది ‘ఆఫ్’ తర్వాతి మాట. అక్కడ మామూలుగా ఉండేది దోచినవాడు, దోపిడీకి గురైనవాడు కాదు. మీ వాక్యంలో దోచింది పిండారీలు. 1816లో గుంటూరు ప్రాంతం మీద పడింది కూడా వాళ్లే. కాబట్టి ‘పిండారీలు సాగించిన దోపిడీలు, విధ్వంసం’ అని రాయండి. నష్టపోయినవాళ్లను చెప్పాలంటే ‘ఆన్’ వాడొచ్చు: డెప్రిడేషన్స్ ఆన్ విలేజెస్.

2. ఎక్కువగా బహువచనంలోనే కనిపిస్తుంది. పెద్ద ఎత్తున జరిగేదానికే తప్ప, ఎవరో జేబు కొట్టేస్తే ఈ మాట వాడరు.

3. చేసేది మనుషులే కానక్కర్లేదు. పలమనేరు వైపు ఏనుగులు చెరకు తోటలో పడి తొక్కేస్తే అది క్రాప్ డెప్రిడేషన్. దాన్ని ‘పంట దోపిడీ’ అంటే రైతు నవ్వుతాడు, ‘పంట నష్టం’ చాలు. ‘డెప్రిడేషన్స్ ఆఫ్ టైమ్’ అని ఉంటే కాలం తాకిడికి శిథిలమవడం.

మాటల్లో మాత్రం దీన్ని దాదాపు ఎవరూ వాడరు. అక్కడ లూటింగ్ అనేయండి.