అమ్మని చూడ్డానికి రావొద్దంటున్నారు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఇర్వింగ్‌లో ఉంటాం. పక్షవాతం వచ్చాక అమ్మని ఇంట్లో చూసుకోలేక పెద్దవాళ్లని ఉంచి చూసుకునే దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో పెట్టాం. మొన్న ఆ వింగ్‌లో నలుగురికి కోవిడ్ వచ్చిందని రెండు వారాలు ఎవరూ రావొద్దన్నారు, కిటికీ బయట నుంచి చూసి వెళ్లమంటున్నారు. అమ్మకి ఇంగ్లీష్ రాదు, నేను తినిపిస్తే తప్ప సరిగ్గా తినదు. గట్టిగా అడిగితే ఆ కోపం అమ్మ మీద చూపిస్తారేమోనని భయం. మళ్లీ 2020లోలా మూసేస్తారా?

జవాబు: లేదండీ, అలా మొత్తానికి మూసేసే వీలు ఇప్పుడు వాళ్లకి లేదు. 2020 ఫిబ్రవరి చివర్లో వాషింగ్టన్ రాష్ట్రం కిర్క్‌లాండ్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో వరసగా ప్రాణాలు పోయాయి, అది చూసి మార్చి 13న సీఎంఎస్ వాళ్లు, అంటే పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌ని చూసే ఫెడరల్ సంస్థ, ఆఖరి ఘడియల్లో ఉన్నవాళ్ల కోసం తప్ప ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని దేశమంతా చెప్పేశారు. అప్పటికి టీకా లేదు, సరిపడా మాస్కులు లేవు, కాబట్టి ఆ భయం అర్థం చేసుకోవచ్చు. కానీ నెలల తరబడి అయినవాళ్లు కనపడక తిండి మానేసి, మనుషుల్ని గుర్తుపట్టడం మానేసి మంచాన పడ్డ పెద్దవాళ్లు ఎంతమందో. ఆ నష్టం చూశాకే 2021 నవంబర్ 12న రూల్ మార్చారు: అందరికీ, అన్ని వేళలా విజిట్స్ ఉండాలి, లోపల కేసులు ఉన్నా సరే. రిస్క్ ఉందని మీకు చెప్పాలి, మాస్క్ పెట్టుకోమనొచ్చు, హాల్లో కూర్చోకుండా నేరుగా అమ్మ గదికే వెళ్లమనొచ్చు, అంతవరకే.

మీరు టెక్సాస్‌లో ఉండటం ఇంకో బలం. అదే 2021 నవంబర్‌లో అక్కడి ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగంలోనే 'ఎసెన్షియల్ కేర్‌గివర్', అంటే లోపలికి రాకుండా ఆపకూడని, దగ్గరుండి చూసుకునే మనిషిని పెట్టుకునే హక్కు పెట్టించారు. అమ్మ గానీ, అమ్మ తరఫున చట్టప్రకారం సంతకం పెట్టేవాళ్లు గానీ మీ పేరు రాసిస్తే చాలు, స్టాఫ్ పాటించే జాగ్రత్తలకంటే ఎక్కువ మీ మీద పెట్టకూడదు. ఇంతవరకు పేరు ఇవ్వకపోతే రేపే సోషల్ వర్కర్‌ని ఆ ఫారం అడగండి. ఫ్రంట్ డెస్క్‌లో అమ్మాయితో వాదన పెట్టుకోవద్దు, పాపం ఆమెకి పైవాళ్లు చెప్పిందే తెలుసు. అడ్మినిస్ట్రేటర్‌కి ఈమెయిల్ పెట్టి 'ఏ రూల్ ప్రకారం ఆపారో రాతపూర్వకంగా ఇవ్వండి' అనండి, చాలాచోట్ల అక్కడితోనే తలుపు తెరుచుకుంటుంది. అప్పటికీ వినకపోతే ఆంబుడ్స్‌మన్‌కి, అంటే నర్సింగ్ హోముల్లో ఉండేవాళ్ల ఫిర్యాదులు చూసేవాళ్లకి ఫోన్ చెయ్యండి, ప్రతి రాష్ట్రంలో ఉంటారు, ఫీజేం ఉండదు. ఫిర్యాదు చేసినందుకు అమ్మని ఇబ్బంది పెట్టడం కూడా ఫెడరల్ రూల్స్‌కి విరుద్ధమే, అందుకని ఆ భయం పక్కన పెట్టండి.

ఇక మీ వైపు నుంచి, దయచేసి దగ్గో జ్వరమో ఉంటే ఆ రోజు వెళ్లకండి, పక్క మంచం మీద కూడా ఎవరి అమ్మో ఉంటుంది కదా. ఎన్95 పెట్టుకుంటే ముక్కు దగ్గర తీగ నొక్కి గాలి పక్కనుంచి పోకుండా చూసుకోండి, తినిపించేటప్పుడు కూడా మీ మాస్క్ తియ్యొద్దు. అమ్మకి వినపడకపోతే బాగా వినపడే చెవి వైపు కూర్చోండి, లేదా పలక మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి చూపించండి. మీరు లేని గంటల కోసం ఒక పని చెయ్యండి: నీళ్లు, నొప్పి, ఆకలి, చలి, బాత్రూమ్ అనే మాటలు ఇంగ్లీష్ అక్షరాల్లో అర్థంతో సహా రాసి మంచం పక్కన గోడకి అంటించండి, అక్కడ సాయం చేసే సిబ్బంది చూసి పలుకుతారు. మన అమ్మలు ముద్దముద్దగా ఉన్న ఓట్‌మీల్‌ని చూసి ప్లేటు పక్కకి నెట్టేస్తే చార్టులో 'తినడానికి ఒప్పుకోలేదు' అని రాసేస్తారు. పెరుగన్నమైతే తింటుందని, అమ్మని ఎలా చూసుకోవాలో మాట్లాడుకునే కేర్ ప్లాన్ మీటింగ్‌లో చెప్పి రాయించండి.

ప్రశ్న: నాన్న రాజమండ్రిలో వృద్ధాశ్రమంలో ఉన్నారు. ఫ్లూ సీజన్ అని మమ్మల్ని గేటు దగ్గరే ఆపేస్తున్నారు. ఇక్కడ కూడా అలాంటి హక్కు ఉందా?

జవాబు: పైన చెప్పినవన్నీ అమెరికా రూల్స్, మన దగ్గర వర్తించవు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ప్రధానంగా పోషణ, ఆస్తి గురించే. కాబట్టి మేనేజర్‌తో కూర్చుని మాట్లాడుకోవడమే దారి: ఒకసారికి ఒక్కరు, మాస్క్‌తో, వరండాలోనో చెట్టు కిందో అరగంట అని అడిగి చూడండి. పిల్లల్ని ఈసారికి ఇంట్లో ఉంచండి. ఎన్ని రోజులైనా నాన్నని చూపించకపోయినా, ఫోన్లో కూడా మాట్లాడనివ్వకపోయినా మాత్రం పెద్దల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చెయ్యండి.