సమాధానం: హైదరాబాద్–దుబాయ్ విమాన టికెట్‌పై సమయాలు చూస్తే వెళ్లేటప్పుడు 2 గంటల 25 నిమిషాలు, వచ్చేటప్పుడు 5 గంటల 10 నిమిషాలు ఎందుకు?

మీ టికెట్‌పై ఉన్న రెండు సమయాలు రెండు వేర్వేరు దేశాల గడియారాలవి. బయలుదేరే సమయం బయలుదేరే ఊరిది, చేరే సమయం చేరే ఊరిది కాబట్టి వాటిని నేరుగా తీసివేస్తే ప్రయాణ కాలం రాదు.

చాలామంది వదిలేసే మెట్టు ఒక్కటే: తీసివేతకు ముందే రెండు సమయాలనూ భారత కాలమానంలోకి మార్చాలి. దుబాయ్ మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది. రెండు చోట్లా వేసవిలో గడియారం మార్చే పద్ధతి లేదు కనుక ఈ తేడా ఏడాదంతా అంతే.

1. వెళ్లేటప్పుడు: ఉదయం 10.00కు బయలుదేరి 12.25కు చేరుతారు. ఆ 12.25 మనకు 1.55. అంటే 3 గంటల 55 నిమిషాలు.
2. వచ్చేటప్పుడు: రాత్రి 10.00 అంటే మనకు 11.30. మరునాడు 3.10కి దిగుతారు, అంటే 3 గంటల 40 నిమిషాలు. అర్ధరాత్రి దాటుతుంది కాబట్టి తేదీని కూడా తప్పక చూసుకోండి.

మిగిలిన 15 నిమిషాల తేడాకు ప్రధాన కారణం చాలా ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వీచే గాలులు, ఇవి చలికాలంలో మరింత బలంగా ఉంటాయి.

దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. గంటకు 850 చొప్పున లెక్కిస్తే 3 గంటలే వస్తుంది గాని, టికెట్ సమయంలో విమానం నేలపై రన్‌వే వరకు వెళ్లే సమయం, అది పైకి లేవడం, కిందికి దిగడం, వంపు తిరిగే మార్గం కూడా కలిసి ఉంటాయి. విమానాశ్రయానికి ఎవరినైనా రమ్మని చెప్పేటప్పుడు మాత్రం టికెట్‌పై ఉన్న స్థానిక సమయాన్నే చెప్పండి.